వెన్నులో సూది వద్దన్నాను

1936 ఆగస్టు 3, సోమవారం

పేగు జారి ఇరుక్కుందని పెదవేగి నుంచి తెచ్చిన ముసలాయన ఈ ఉదయం ఆపరేషన్ టేబుల్ మీదే పోయాడు. డాక్టరు భీమశంకరం గారు వెన్నులో మత్తు సూది వేసిన ఏడు నిమిషాలకే. సూదికి ముందు ప్రెషరు 120. మంచి ప్రెషరేనని అందరం అనుకున్నాం.

అందరం కాదు. నేను అనుకోలేదు.

ఈ ఆసుపత్రిలో మత్తు చూసే నర్సుని నేనే. ఇదివరకు ఇక్కడ పనిచేసిన దొరసాని డాక్టరు వదిలి వెళ్ళిన స్ఫిగ్మోగ్రాఫ్ యంత్రం నా దగ్గరుంది. మణికట్టుకి కట్టి కీ ఇస్తే, కర్పూరం పొగ పట్టించిన కాగితం మీద నాడి తనే గీత గీస్తుంది. ఏడాదిగా ప్రతి రోగికీ మత్తుకి ముందూ తర్వాతా తీసి దాస్తున్నాను. ఎవరూ అడగలేదు. డాక్టరు గారు ఆ కాగితాలని నా ముగ్గుల పుస్తకం అంటారు.

ముసలాయన గీత మళ్ళీ చూశాను. అల పొట్టిగా లేచింది, దిగడం మాత్రం ఎంతకీ దిగదు. రెండు రోజుల వాంతులతో ఒంట్లో నీరు లేదు. నాళాలు బిగుసుకుని ఆ 120ని నిలబెట్టాయి. వెన్నులో సూది పడితే నాళాలు వదులైపోతాయి. ఆ తర్వాత నిలబెట్టేదేముంది?

నాకు తెలుసు. చెప్పలేదు.

ఆగస్టు 4

ఏమీ రాయలేను.

ఆగస్టు 11, మంగళవారం, ఉదయం 9

కొల్లేటి లంక నుంచి పోతురాజు అనే చేపలాయన్ని పడవలో, ఆ తర్వాత బండిలో తెచ్చారు. భార్య గంగారత్నం వెంట వచ్చింది. నిన్న వలల దగ్గర తగాదాలో ఎడమ డొక్కలో పడవ గెడ దెబ్బ తగిలిందట. ఏళ్ళ తరబడి చలిజ్వరాలతో కడుపులో బల్ల, అదే ప్లీహం, పెరిగి ఉంది. తడిమితే బొడ్డు దాకా తగులుతోంది. అది చిట్లి లోపల నెత్తురు కారుతోంది. కొయ్యక తప్పదు.

ప్రెషరు 116. డాక్టరు గారు నిబ్బరంగా స్పైనల్, ఆ వెన్ను సూదే, సిద్ధం చెయ్యమన్నారు.

గీత తీశాను. అదే పొట్టి అల. అదే నెమ్మది దిగుడు.

9.30

చెప్పాను.

ఆయన చేతులు కడుక్కుంటున్నారు. నేను గీతల కాగితాలు రెండు పక్కపక్కన పట్టుకున్నాను.

"ఇతనికి వెన్నులో సూది వద్దండీ. ముందు నెత్తురు ఎక్కించండి. ఆ తర్వాత ఈథరు కొంచెం కొంచెంగా ఇస్తాను."

నూట పదహారు ఉన్నవాడికి నెత్తురెందుకని అడిగారు. ఆ నూట పదహారు నాళాలు బిగబట్టి నిలిపిందని చెప్పాను. ఆయన తల తిప్పి చూశారు. రెండో కాగితం మీద ముసలాయన పేరు ఉంది. చదివారు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

భయపడ్డానన్నాను.

ఆయన చేతులు తుడుచుకోవడం మర్చిపోయారు. నెత్తురు ఇచ్చేవాళ్ళని చూడమన్నారు. అరగంటలో ఎవరూ దొరక్కపోతే ఆగలేనన్నారు.

10

వెంట వచ్చిన మగవాళ్ళిద్దరూ నెత్తురు అనగానే గేటు దాటారు. గంగారత్నం ఒక్కతే మిగిలింది. గాజుపలక మీద ఇద్దరి నెత్తుటి చుక్కలూ కలిపి చూస్తే ముద్ద కట్టలేదు. సరిపోతుంది. కానీ ఆమె చెయ్యి చాపలేదు. నా చెవి దగ్గరికి వచ్చింది.

"నా నెత్తురు ఆయన ఒంట్లోకెళ్తే మేం ఒకే నెత్తురు అయిపోతాం కదండీ. ఇంక ఆయన్ని మొగుడనుకోవచ్చాండీ?"

ట్రైనింగులో ఇది ఎవరూ నేర్పలేదు. నాకూ తెలియదన్నాను. ఇవ్వకపోతే మాత్రం సాయంత్రం దాకా ఉండడన్నాను.

ఆమె వెళ్ళి అతని పాదాల మీద దుప్పటి సర్ది వచ్చింది.

"అన్నయితే అయ్యాడు. ఉంటాడు కదండీ," అని చెయ్యి చాపింది.

11.15

నెత్తురు ఎక్కింది. ప్రెషరు 118. పెరిగింది రెండే. గీత మాత్రం వేరే మనిషిది అన్నట్టుంది. అల ఎత్తుగా లేచింది, సాఫీగా దిగింది. పాదాలు వెచ్చబడ్డాయి.

మధ్యాహ్నం 3

బల్ల తీసేశారు. కడుపు తెరవగానే నెత్తురు పొంగి డాక్టరు గారి మోచేతుల దాకా వచ్చింది. నేను ఈథరు చుక్కలు లెక్కపెట్టి వేశాను. మధ్యలో ఒకసారి అల దిగే చోట నిటారుగా పడిపోయింది. నాళాలు వదులవుతున్నాయి. అతని ముఖం మీది ఈథరు మాస్కు తీసేశాను. డాక్టరు గారు కత్తెర పట్టుకుని ఆగారు. ప్రెషరు ఎంత అని అడగలేదు.

"గీత ఎలా ఉంది?"

ఆగమన్నాను. నేను ఆయన్ని ఆగమన్నాను. ఆయన ఆగారు. ఇంకో రెండు కాగితాలు తీసి, గీత సర్దుకున్నాక కానివ్వండి అన్నాను.

ఆగస్టు 14

పోతురాజుకి నూట నాలుగు జ్వరం. గంగారత్నం మంచం కింద నుంచి కదలదు. ప్రార్థన చెయ్యనా అని అడిగితే, ఏ దేవుడికైనా చెయ్యండి అంది.

ఆగస్టు 23, ఆదివారం

జ్వరం దిగింది. గంజి తాగాడు. ఉప్పు చాలలేదని భార్యని విసుక్కున్నాడు. ఆమె బయటికి వచ్చి స్తంభం పట్టుకుని ఏడ్చింది.

ఆగస్టు 30, ఆదివారం

డాక్టరు గారు తన గదికి పిలిచి తలుపు వేశారు. చొక్కా చెయ్యి మడిచి మణికట్టు ముందుకి చాపారు. గీత తీశాను. బాగాలేదు. ఈసారి దాచకుండా, చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన చొక్కా చెయ్యి దించుకుని, రేపు ఆపరేషన్లు ఎన్ని ఉన్నాయని అడిగారు.