ఒకే రాయిలోని రెండు ముక్కలు

మార్కాపురం, మంగళవారం

సూపర్‌వైజర్ మురళీధర్ గారికి,

పదకొండేళ్లుగా మీ షెడ్డులో పలకలు ప్యాకింగ్ చేస్తున్న మనిషిని రాస్తున్నాను.

కటింగ్ మిషన్ పని అడిగితే, "ఆడోళ్లకు చెయ్యి కుదరదులేమ్మా" అన్నారు. అందుకే నిన్న ఒకే రాయిని రెండుగా కోసి, ఒక ముక్క నా పేరుతో, ఇంకొకటి మా తమ్ముడు చెన్నకేశవులు పేరుతో మీకు మచ్చు చూపించాను. నా ముక్క చూసి, "అంచు వంకరపోయినాది" అన్నారు. వాడి ముక్క నిమిరి, "మగోడి చెయ్యంటే ఇట్ల ఉండాల" అని వాడికి పని ఇచ్చారు.

రెండూ కోసింది నేనే. మా నాయన మిషన్ మీద నేర్చుకున్నాను. మా తమ్ముడు మేకలు కాస్తాడు.

రేపు వాడు పనిలోకి వస్తాడు. స్విచ్ ఎక్కడుందో మీరే చూపించండి. వాడు కోసినవి ప్యాకింగ్‌కు నా దగ్గరికే వస్తాయి కదా, వంకరంటే ఏందో అప్పుడు మీకు నేను చూపిస్తాను.

ఇట్లు,
చెయ్యి కుదరని మనిషి