చేపల లారీ ఎక్కని గుర్రప్పిల్ల

పేరయ్య బావకి,

నీ క్షేమం తర్వాత, మేపమని నీకిచ్చిన, ఇప్పుడు జీను కట్టే ఈడుకొచ్చిన నా గుర్రప్పిల్ల క్షేమం ముందు రాయి. దాన్ని నాకు పంపమంటే "లారీ ఎక్కట్లేదు, మొండిది, నాలుగు తగిలించా" అని కబురు పెట్టావంట. చేపల లారీ తెచ్చి, దాన్ని మొండిదంటావేంది? ఆ కంపులో నువ్వు కూర్చో, నేను తలుపేస్తా, చూద్దాం!

లారీ శుభ్రంగా కడిగించు. లోపల గడ్డి పరిచి, ఉలవలు పెట్టి, తలుపు తీసే ఉంచు. తిని దిగిపోయినా పోనీ, రేపు మళ్ళీ అదే ఎక్కుద్ది. వెనకనుంచి తొయ్యమాక. ఇంకో దెబ్బ పడిందంటే ఇక జన్మలో ఏ బండీ ఎక్కదు. ఆటోలొచ్చి జట్కా మూలన పడ్డాక మాకు కూడు పెట్టేది ఊరూరా బండెక్కి పోయే పెళ్ళి ఊరేగింపులే.

ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళికి మాటిచ్చేశా. గుర్రం రాకపోతే పెళ్ళికొడుకుని నువ్వే మొయ్యాలి. జీను నీ నడుముకి సరిపోద్దో లేదో మా అక్కతో కొలిపించి రాయి.

నీ బామ్మర్ది