స్విచ్‌కి కట్టిన ఎర్ర కార్డు

జులై, మంగళవారం. వాన.

చెల్లి నిద్రపోయింది. ఇప్పటికి మూడుసార్లు లేచి దాని ఊపిరి చూసివచ్చాను.

కంపెనీ కంప్యూటర్ మా తాహతుకి మించిందని, విడిగా సామాన్లు ఎంచి కట్టించింది నేనే. పెద్ద మానిటర్ మీద ఆశతో సీపీయూ డబ్బా, అందులోని పవర్ సప్లై చవకవి తీసుకున్నాను. "దీదీ, ఘర్ మే అర్థింగ్ చెక్ కరా లేనా" అంటూ ఇంట్లో అర్థింగ్ ఉందో లేదో చూపించుకోమన్నాడు దుకాణం భయ్యా. తలూపాను. మా క్వార్టర్లో కంప్యూటర్ పెట్టే ప్లగ్గుకి అర్థింగ్ లేదని తెలిసే తలూపాను.

మొదటి రోజు నుంచీ డబ్బా తగిలితే వేళ్లు జివ్వుమంటున్నాయి. చెబితే నాన్న వైరు పీకేస్తారని చెప్పలేదు. చెప్పులేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. చెల్లికి మాత్రం చెప్పులేసుకోమని చెప్పలేదు.

సాయంత్రం అది తలంటుకుని, తడికాళ్లతో వచ్చి డబ్బా మీద చెయ్యి వేసింది. కేక కూడా వేయలేదు, వెనక్కి పడిపోయింది.

నాన్న మెయిన్ ఆపి, దాన్ని ఒళ్లోకి తీసుకుని, అది కళ్లు తెరిచాక నా వైపు చూశారు.

"నీకు ముందే తెలుసేటి?"

"తెలుసు నాన్నా."

తిట్టలేదు. తను పనిచేసే ప్లాంటులో మిషన్ రిపేరుకి దిగేముందు స్విచ్‌కి కట్టే ఎర్ర కార్డు ఒకటి సంచిలోంచి తీసి, ఏదో రాసి, కంప్యూటర్ స్విచ్‌కి కట్టారు. దానిమీద ఎవరి పేరుంటే వాళ్లే విప్పాలి. ఇంకొకరు ముట్టుకోరు.

"రేపు అర్థింగ్ ఏయిస్తాను. అంతా సూసుకుని నువ్వే ఇప్పాల" అన్నారు.

కార్డు మీద నా పేరు ఉంది. నాన్నవి గుండ్రటి అక్షరాలు.

రేపు విప్పాక డబ్బాని మొదట ముట్టుకోవలసింది నేనే. చెప్పుల్లేకుండా.