నాలుగింటి ఫ్లైట్‌లో ఉపవాసం

మార్చి 6
రంజాన్ నెలలోనే మక్కాకు, ఉమ్రా యాత్రకు టికెట్లు వచ్చాయి. కోజికోడ్‌లో సాయంత్రం నాలుగింటికి ఎక్కితే జిద్దాలో ఏడింటికి దిగుతాం. మూడు గంటలే కదా, ఆ రోజు కూడా ఉపవాసం ఉంటాను అన్నారు ఆలిక్కోయ గారు. మా ఆయనే. కోపం వచ్చిన రోజు పూర్తి పేరు రాస్తాను.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక బాపా, నాలుగు వేల కిలోమీటర్లు, ఐదున్నర గంటల ప్రయాణం అని మా అమ్మాయి రైహానా ఫోన్‌లో అరిచింది. నీకు లెక్కలు నేర్పిందే నేను, నాకు చెప్పొచ్చావు అన్నారు. కలప కొట్టులో నలభై ఏళ్లు దుంగలు కొలిచిన మనిషి.

మార్చి 8
మసీదులో ఉస్తాద్ గారిని అడిగొచ్చాను. ప్రయాణంలో మానేసి, తర్వాత ఒకరోజు బదులు ఉంటే చాలట. మానకపోతే మాత్రం ఇంటి టైము పనికిరాదు, కిటికీలో కనిపించే సూర్యుడు మునగాలట. పడమటికి పోయే విమానంలో అంత తొందరగా మునగడమ్మా, షుగర్ మనిషికి కాస్త నచ్చజెప్పు అన్నారు.

చెప్పాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. దారిలో తిని, కాబా ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను అన్నారు.

మార్చి 11
మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

మార్చి 14, విమానంలో. ఇంటి టైము 6.45
ఇంటి దగ్గర పొద్దు మునిగి, మసీదులో బాంగు పిలుపు అయిపోయింది. రైహానా ఈపాటికి ఉపవాసం విడిచి, తరికంజి రవ్వజావ తాగుతూ ఉంటుంది. ఇక్కడ సూర్యుడు మాతోపాటే వస్తున్నాడు. ఎయిర్‌హోస్టెస్‌ని అడిగితే మునగడానికి ఇంకా రెండు గంటలు పడుతుందంది.

7.15
ఉమ్రా కోసం కట్టుకున్న తెల్లటి ఇహ్రాం బట్టల్లో వణుకుతున్నారు. నుదుటి నిండా చెమట. షుగర్ పడిపోతోంది. ఖర్జూరం ఇస్తే, పొద్దు మునిగిందా అని అడిగారు. లేదంటే పళ్లు బిగించుకున్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

7.40
కిటికీ మూత కిందికి లాగేశాను. పొద్దు మునిగింది అన్నాను. నమ్మాలి కదా, నేనూ ఉపవాసమే, విడిచే దువా చదివి ముందు నేనే ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. నా మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత తిన్నారు. మూడు తిని జ్యూస్ తాగారు. వణుకు తగ్గింది. అల్లా, ఈ తప్పు నాది, ఆయనది కాదు.

మార్చి 15, మక్కా
ఉమ్రా పూర్తయింది. తల్లీకూతుళ్లు ఊరికే గోల చేశారు, ఉపవాసం బాగానే గడిచింది కదా అన్నారు. ఒళ్లు మండింది.

మే 9
ఎండ ఉండగా తిన్నదానికి బదులు ఈరోజు ఉపవాసం ఉన్నాను. కడుపు బాగోలేదని అబద్ధం చెప్పి, మధ్యాహ్నం ఆయనొక్కరికే అన్నం పెట్టాను. నాకూ వద్దు అన్నారు. ఎందుకని అడిగాను.

విమానంలో అవతలి వరుస కిటికీ తెరిచే ఉంది కదా సుహరా, అన్నారు.

కంచం తీసేశాను. బాంగుకి ఇంకా ఐదు గంటలుంది.