బతికిన ఘనత ఎవరికెంత

కుట్టుమిషన్లు బాగుచేసే షాపు నడుపుతున్నదాన్ని, దర్జీలందరి చేతా మిషనత్తనని పిలిపించుకుంటున్నదాన్ని, చనిపోయిన పోస్టుమాను భార్యను అయిన నేను, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా షాపులో నా బల్ల ముందే కూర్చుని స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందనడానికి డాక్టరమ్మ ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఆమె నన్ను వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. మధ్యలో ఫోను వచ్చి, ఎక్కడిదాకా వచ్చామో ఆమె మర్చిపోయింది. నేను గుర్తుచేశాను.

1. ఇంతకు ముందు నేను వీలునామా రాయలేదు. కాబట్టి రద్దు చేయడానికి కాగితాలేమీ లేవు. నోటిమాటగా ఎవరికైనా ఏదైనా ఇస్తానని ఉంటే, అవన్నీ ఇందుమూలంగా రద్దు. ముఖ్యంగా పెళ్ళిళ్ళలో అన్నవి.

2. దీన్ని అమలుచేసే బాధ్యత మా కోడలిది. మా వాడికి ఎందుకు అప్పగించలేదంటే, వాడు ఏ పనైనా రేపు చేస్తాడు.

3. నా పేర ఉన్న రెండు గదుల ఇల్లు, వంటగదితో సహా, నా తదనంతరం నా కొడుకుకూ కోడలికీ చెరిసగం, సర్వహక్కులతో చెందాలి. వంటగదిలోని నల్లపెనం గురించి మాత్రం విడిగా చెప్పాలి.

పదకొండేళ్ళ కిందట నా రొమ్ములో గడ్డ కనబడి, ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సర్ అని తేల్చారు. ఆస్పత్రి వరండాలో మా వాడు నన్ను అడిగిన మొదటి మాట, “ఏం తిన్నావమ్మా?” అని. ఏదో విందులో పెట్టింది నాకు పడనట్టు! వాడు తిన్నవే నేనూ తిన్నాను. ఇంటికి రాగానే ప్లాస్టిక్ డబ్బాలు, అల్యూమినియం గిన్నెలు, ఆ నల్లపెనం అన్నీ మూటగట్టి చెత్తకుండీ దగ్గర పెట్టి వచ్చాడు. చేతులు దులుపుకుని, గుమ్మంలో నిలబడి సిగరెట్ వెలిగించాడు. వాడు లోపలికి వెళ్ళాక నేను పోయి పెనం తెచ్చుకున్నాను. మిగతావి అప్పటికే ఎవరో పట్టుకుపోయారు.

సదరు పెనంలో మా వాడి వాటా, వాడు సిగరెట్లు మానేసిన రోజు నుంచి అమల్లోకి వస్తుంది. అంతవరకూ అది కోడలి అధీనంలో ఉండాలి.

4. మా ఆయన చెల్లెలు, అంటే మా ఆడపడుచు, మార్కెట్ మలుపులో ఆర్గానిక్ కూరగాయల దుకాణం నడుపుతోంది. మందు కొట్టిన కాయ తను నోట పెట్టదు, ఇంకొకరిని పెట్టనివ్వదు. తన టమాటాలో బలం రెట్టింపు అంటుంది. ఎవరు కొలిచారమ్మా అంటే, “తింటే తెలియడం లేదూ వదినా?” అంటుంది. నా దుప్పట్లు, చలికాలపు శాలువా, ఇత్తడి గ్లాసుల జత ఆమెకు చెందాలి. గ్లాసులు ఆమె ఎప్పటి నుంచో చూస్తోంది. నేను చూస్తున్నానని తెలిసీ చూస్తోంది.

నాకు ఆపరేషన్ అయ్యాక, నరంలోకి మందులెక్కించినన్నాళ్ళూ, ఆమె రోజూ క్యారియర్ పట్టుకుని వచ్చేది. మొదట్లో పచ్చి ఆకుల రసం తెచ్చింది. “ఇప్పుడు ఈమెకు తట్టుకునే శక్తి తక్కువ. పచ్చివి వద్దు, శుభ్రంగా కడిగి ఉడికించినవే పెట్టండి” అంది డాక్టరమ్మ, నాకు ఆపరేషన్ చేసిందీ ఆమే. ఆడపడుచు ముఖం మాడ్చుకుంది. మర్నాటి నుంచి గుమ్మడికాయ ఉడికించి, మెత్తగా మెదిపి తెచ్చింది. అది ఆర్గానిక్‌దో కాదో నాకు తెలియలేదు. ఆ రోజుల్లో నా నాలుకకు ఇనుము రుచి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. ఆమె చెంచాలోది ఊదుతూ, నా నోరు తెరుచుకునే దాకా చెయ్యి దించకుండా కూర్చోవడం మాత్రం తెలిసింది. నా కొడుకు ఉద్యోగానికి పోయేవాడు. ఆమె దుకాణం మూసుకుని వచ్చేది.

ఒకరోజు డాక్టరమ్మను నిలేసింది. “ఆర్గానిక్ తింటే మళ్ళీ రాదు కదండీ?”

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. “వాటి మీద పురుగుమందుల అవశేషాలు తక్కువ, అది నిజమే. పోషకాల్లో అంత పెద్ద తేడా ఉందని గట్టిగా చెప్పలేం. క్యాన్సర్ సంగతంటారా, కొన్ని పరిశోధనలు తగ్గుతుందన్నాయి, కొన్నిటిలో తేడా కనబడలేదు. ఏ కూరగాయలైనా కడుక్కుని బాగా తినండి. వైద్యం మాత్రం మానొద్దు.”

మా ఆడపడుచు ఇందులో మొదటి వాక్యం విన్నది.

5. నా జుట్టు మళ్ళీ మొలిచాక, ఆమె నన్ను తన దుకాణంలో క్యాబేజీల గుట్ట పక్కన నిలబెట్టి ఫోటో తీయించింది. పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తూకం బల్ల వెనక గోడకు స్క్రూలతో బిగించింది. కింద ఎర్ర అక్షరాలతో “ఆర్గానిక్ ఆహారంతో క్యాన్సర్‌ను జయించిన మా వదిన” అని రాయించింది.

“మరి ఆపరేషనూ?” అన్నాను.

“అంత పొడుగు రాస్తే ఎవరు చదువుతారు వదినా? అయినా నీకేం పోయింది?” అంది.

నాకేమీ పోలేదు. పోయింది ఇంకొకరికి. బడి యూనిఫాంలు కుట్టే పిల్ల ఒకతె ఉండేది. దాని మిషను నా దగ్గరికే వచ్చేది. నాలుగేళ్ళ కిందట, దారం తెగుతోందని స్టాండు నుంచి ఊడదీసిన ఆ మిషను తల ఒంటిచేత్తో మోసుకొచ్చింది. రెండో చెయ్యి పక్కటెముకలకు అతికించుకుని నిలబడింది. కింది దారం తిప్పే షటిల్ విప్పి చూస్తూ, చేతికేమైందే అని అడిగాను.

“గడ్డ అత్తా. క్యాన్సరే అన్నారు. కోయాలన్నారు. నేను భయపడి ఏడుస్తుంటే మా పక్కింటావిడ ఆర్గానిక్ దుకాణానికి తీసుకెళ్ళింది. అక్కడ మీ ఫోటో చూశాక ధైర్యం వచ్చింది. నేనూ కోయించుకోను. మీలాగే ఆకుకూరలతోనే తగ్గించుకుంటా. మూడు నెలలైంది మొదలుపెట్టి” అంది. నవ్వుతూ చెప్పింది. నాకు కృతజ్ఞతలు చెప్పుకోవడానికి వచ్చినట్టు చెప్పింది.

“నేను కోయించుకోలేదని ఎవరన్నారు?”

“ఫోటో కింద రాసుంది కదత్తా.”

నేను షట్టర్ దించాను. మిషను తలకాయలు పేర్చిన వెనక గదిలోకి దాన్ని తీసుకెళ్ళి, చీర పక్కకు తీసి, జాకెట్ హుక్కులు విప్పి చూపించాను. ఎడమ పక్క చదునుగా ఉంటుంది. అడ్డంగా కుట్టు గీత ఉంటుంది. ఆ పిల్లకు కుట్లంటే తెలుసు. చాలాసేపు చూసింది.

“నొప్పి పుట్టిందా అత్తా?”

“పుట్టింది. తగ్గింది.”

అప్పుడు ఏడ్చింది. దాని ఏడుపు అయ్యేదాకా ఆగి, జాకెట్ వేసుకుని, ఇద్దరం ఆటో ఎక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. గడ్డ అప్పటికి పెరిగింది. ముందు మందులెక్కించి దాన్ని చిన్నది చేయాలి, ఆ తర్వాతే కోయాలి అన్నారు. మూడు నెలల ముందు వస్తే ఎలా ఉండేదని నేను అడగలేదు. ఆ పిల్ల అడిగింది. డాక్టరమ్మ, “ఇప్పుడొచ్చారు కదా” అంది.

అక్కడి నుంచి తిన్నగా ఆడపడుచు దుకాణానికి వెళ్ళాను. స్క్రూడ్రైవరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. కొనేవాళ్ళు చూస్తుండగా స్టూలెక్కి ఫోటో విప్పాను.

“వదినా, అందరి ముందూ నా పరువు తీస్తున్నావు” అంది.

“నేను తీస్తోంది స్క్రూలు. పక్కకు జరుగు, మీద పడతాయి” అన్నాను.

స్టూలు దిగాక ఆ పిల్ల సంగతంతా చెప్పాను. వంకాయలు తూకం వేయించుకుంటున్నావిడ కూడా విన్నది. ఆడపడుచు తూకంలో ఉన్న వంకాయలు తీసి, మళ్ళీ అవే వంకాయలు వేసింది.

సదరు ఫోటో నా షాపులో బీరువా వెనక ఉంది. అది ఆమెకే చెందాలి. కింది రాత నేను గీకేశాను. ఇంట్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దుకాణంలో పెట్టడానికి మాత్రం ఆమెకు గానీ, ఆమె వారసులకు గానీ హక్కు లేదు.

6. షాపు అద్దెది. అందులోని పనిముట్లు, విడిభాగాలు, బల్ల, నూనె డబ్బాలు, బాగయ్యాక కూడా తీసుకుపోనివాళ్ళ మిషన్లు, వాటితో పాటు షాపుకున్న మంచిపేరు, అన్నీ ఆ యూనిఫాం పిల్లకు చెందాలి. అది బతికింది. కానీ ఆపరేషన్ తర్వాత ఆ చెయ్యి వాచేది. గంటలకొద్దీ గుడ్డ తోసుకుంటూ కుట్టడం దానివల్ల కాలేదు. నా దగ్గరికొచ్చి కూర్చుని బాబిన్లు సర్దేది. ఇప్పుడు మిషను చప్పుడు విని జబ్బు చెబుతుంది. ఎవరో పరాయి పిల్లకు షాపేమిటని మా వాడు అనవచ్చు. వాడు తన చొక్కా గుండీ కుట్టుకున్న రోజున ఆ మాట వింటాను.

7. ఫోటో తీసేశాక మా ఆడపడుచుకూ నాకూ ఏడాదికి పైగా మాటల్లేవు. ఆమె మాట్లాడలేదు కాబట్టి నేనూ మాట్లాడలేదు. ఆ పిల్లకు మందులెక్కిస్తున్న రోజుల్లో ఒకసారి చూడబోతే, గుమ్మం పక్కన ఒక క్యారియర్ కనబడింది. మూతకు సొట్ట ఉంది. ఆ సొట్ట నాకు తెలుసు, ఆస్పత్రి మెట్ల మీద పడ్డప్పుడు పడింది. లోపల ఉడికించిన గుమ్మడికాయ. “రోజూ ఎవరో పెట్టి తలుపు కొట్టి వెళ్ళిపోతున్నారత్తా” అంది ఆ పిల్ల. ఎవరో నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆడపడుచు ఆటోలో ఒక కుట్టుమిషను వేసుకుని నా షాపుకొచ్చింది. “వదినా, ఇది పాడైంది” అంది. ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పాతసామాన్ల వాడి దగ్గర ఆ పొద్దున్నే కొనుక్కుంది. విప్పి చూశాను. దానికి ఏ జబ్బూ లేదు. “టైము పడుతుంది” అన్నాను. “నేను వస్తూ పోతూ ఉంటాలే” అంది. వస్తూ పోతూనే ఉంది. ఆ మిషను నాలుగో నంబరు అరలో ఉంది. ఆరో క్లాజు దీనికి వర్తించదు. అది ఆడపడుచుకు తిరిగి ఇచ్చేయాలి, ఏమీ తీసుకోకుండా.

8. నేను పదకొండేళ్ళు బతికిన ఘనత విషయంలో ఇన్నాళ్ళుగా వివాదం ఉన్నందున, దాన్ని కూడా ఇక్కడే పంచేస్తున్నాను. పెద్ద వాటా డాక్టరమ్మ కత్తికి, నరంలోకి ఎక్కించిన మందులకు. ఆమె దీనికి సాక్షి, సాక్షిగా సంతకం పెట్టేవాళ్ళకు ఆస్తి రాయకూడదంటారు. ఘనత ఆస్తి కిందికి రాదని ఆమే చెప్పింది. తర్వాతి వాటా అదృష్టానికి. గడ్డ ఇంకా చిన్నగా ఉండగానే స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. మిగిలింది మా ఆడపడుచుకు. కూరగాయలకు కాదు, ఆమెకు. నన్ను చూడొచ్చి, ఇది మానుంటే బాగుండేది, అది తినుంటే బాగుండేదని సలహాలిచ్చి కాఫీ తాగి వెళ్ళిన బంధువులకు ఈ ఘనతలో భాగం లేదు. కాఫీ ఇచ్చాం.

9. నేను పోయాక ఇంటికి వచ్చేవాళ్ళలో ఎవరైనా “పాపం, ఏం తినేది?” అని అడిగితే, కోడలు వాళ్ళకు చెప్పులు చూపించాలి. అంటే వాళ్ళ చెప్పులు, గుమ్మం బయట ఉన్నవి.

10. ఇది ఆఖరి క్లాజు. నా జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఎముకల్లో ఉంది. డాక్టరమ్మకు, యూనిఫాం పిల్లకు తప్ప ఎవరికీ తెలియదు. పెనం మళ్ళీ చెత్తకుండీకి పోతుందని మా వాడికి చెప్పలేదు. ఆడపడుచుకు చెప్పకపోవడానికి కారణం వేరే ఉంది. ఆమె ఈ పదకొండేళ్ళూ, మాటల్లేని ఆ ఏడాది కూడా, నాకు కూర పంపని వారం లేదు. ఈ సంగతి తెలిస్తే ఆమె ఏడ్వకముందే ఆలోచిస్తుంది, ఏ రైతు దగ్గర కొన్న ఏ కాయ నాకు పెట్టానా, ఎక్కడ మోసపోయానా అని. దుకాణం మూసేస్తుంది. నాకు ఆమె బాగా తెలుసు.

కాబట్టి ఈ కాగితం చదివేటప్పుడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టండి. చెయ్యి యూనిఫాం పిల్ల పట్టుకోవాలి. ఇది నా ఆజ్ఞ కింద లెక్క. తర్వాత కోడలు ఈ మాటలు గట్టిగా చదవాలి: జబ్బు నీ తిండి వల్ల పోలేదు, నీ తిండి వల్ల రాలేదు. డాక్టరమ్మను మళ్ళీ అడిగాను, ఈసారి అన్ని వాక్యాలూ విన్నాను. నువ్వు పంపినవన్నీ తిన్నాను. ఆకలి లేని రోజు కూడా తిన్నాను. దుకాణం తెరిచే ఉంచు. నిన్న పంపిన పాలకూరలో ఇసుక ఉంది. నేనంటే ఏమీ అననుగానీ కొనేవాళ్ళు అంటారు, ఇంకాస్త కడుగు.

పైన రాసినదంతా నేను చదువుకుని, సరిగ్గా ఉందని తెలుసుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

ఆగస్టు తొమ్మిది, శనివారం, షాపు తెరవక ముందు.

(సంతకం) మిషనత్త

సాక్షులు:

పక్క కళ్ళజోళ్ళ షాపు యజమాని. ఆమె మా ఎదుట సంతకం చేసింది. నేను చదవకుండా సంతకం పెట్టబోతే కూర్చోబెట్టి చదివించింది. చివరి క్లాజు దగ్గర నా కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చినందున ఆలస్యమైంది.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ. పై వివరాలు సరైనవి. ఘనత స్వీకరించాను.