మూడో కేక

నంజుండా,

ఈ జాబు యాడికి పంపాలో తెలీదు. నా తప్పులు చూసి నగొద్దు.

నువ్వెక్కిన ఓడ ఏ దేశం దగ్గర మునిగిందో ఆ దేశంలో కోర్టు, నువ్వు చచ్చినావని తీర్పు ఇచ్చిందంట. దాన్ని మన బెంగుళూరు కోర్టు ఒప్పుకుంటేనే ఇల్లు నీ పెండ్లాం పేరుకు మారేది. ఈ పొద్దు దానికే పోయింటిమి.

కోర్టు జవాను వరండాలో "నంజుండప్పా" అని రెండుసార్లు అరిచి, లోపలికి తిరుక్కున్యాడు. నాకు ఒళ్లు మండింది. దయ్యం రెండుసార్లే పిలుస్తాది, మూడో కేకకే పలకాలని అమ్మ చెప్పింది గదా. నువ్వు ఎప్పుడూ అట్లే పలికేది.

"ఇంగోసారి పిలువప్పా" అంటిని.

"సచ్చినోడు మూడోసారికి వస్తాడా తాతా?" అని నగినాడు.

మూడో కేక నేనే అరిచినా. ఎవరూ పలకలేదు. ఆ తీర్పు ఇక్కడా చెల్లుతుందన్యాడు జడ్జి. నేను సంతకం పెట్టినా.

మిట్టమధ్యాన్నం ఇంటికొచ్చి మజ్జిగ తాగతా ఉంటే, వాకిట్లో "అన్నా" అని నీ గొంతు వినబడింది. కొంచెం సేపటికి ఇంగోసారి. నీ పెండ్లాం కూడా విన్యాది, చెంబు పట్టుకోని అట్లే నిలబడిపోయింది. నేను పలకలేదు.

తలుపు గడి తీసి పెట్టి, ఎదురుగా కూర్చోని ఉండా. ఇంగొక్కసారి పిలువురా.