కుంకుమ అంటిన క్యాసెట్టు

జూలై 14, సోమవారం

అత్తయ్యకి పక్షవాతం వచ్చి నాలుగో నెల. చెయ్యి కొంచెం కదులుతోంది. మాట మాత్రం రాలేదు. నోరు తెరుస్తారు, మాట కోసం వెతుక్కుంటారు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, నోరు మూసేసుకుంటారు. జగ్గయ్యపేటలో మా పప్పుల కొట్లో కూర్చుని, లారీ వాళ్లని కూడా ఒక్క కేకతో నడిపించిన మనిషి.

విజయవాడ నుంచి స్పీచ్ థెరపీ అమ్మాయి నీహారిక వీడియో కాల్ చేసింది. మాట పోయినవాళ్లకి ఒక్కోసారి పాట మిగిలి ఉంటుందట. ఎప్పుడూ పాడుకునే పాట వినిపించమంది. పాట వెంట మాట కూడా రావచ్చట, రాకపోవచ్చట. ఆ రెండో ముక్క మావారు వినిపించుకోలేదు.

అత్తయ్య పాట అంటే ఒక్కటే. శ్రావణ శుక్రవారం హారతి పాట, వాళ్లమ్మ నేర్పింది. యూట్యూబ్‌లో ఎక్కడా లేదు. నేనే పాడి చూశాను. నాకు రెండు చరణాలే వచ్చు. నా గొంతు అమ్మవారికైనా వినపడుతుందో లేదో. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు.

జూలై 15

క్యాసెట్టు దేవుడి గదిలోనే ఉంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక శ్రావణ శుక్రవారం మావారు టేప్‌రికార్డర్ పెట్టి అత్తయ్య పాట రికార్డు చేశారు. అప్పటినుంచి ప్రతి దసరాకీ కొట్లో కాటాకీ, తూకం రాళ్లకీ పెట్టినట్టే దానికీ పసుపు రాసి కుంకుమ పెడుతున్నాం. అమ్మవారి పాట కదా అని మిగతావాటికంటే నిండుగా పెట్టేదాన్ని.

చక్రంలో పెన్సిల్ పెట్టి తిప్పితే తిరగలేదు.

జూలై 17, గురువారం

నందిగామ వెళ్లాను. రెహమాన్ గారు ఒకప్పుడు పెళ్లి వీడియోలు తీసేవారు. ఇప్పుడు పాత క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నారు. స్క్రూలు విప్పగానే తెల్ల కాగితం మీద కుంకుమ రాలింది. కాసేపు దాన్నే చూశారు.

“బూజు పట్టినవి చూసానమ్మా, ఎలకలు కొరికినవి చూసా. పేరంటానికి వెళ్లొచ్చిన క్యాసెట్టు మాత్రం ఇదే చూట్టం” అన్నారు.

నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. ఆయన కంగారుపడి కుర్చీ వేయించారు. పై చుట్లు దీపం నూనెకీ కుంకుమకీ అంటుకుపోయాయట, లోపలి చుట్లు బాగానే ఉన్నాయట. టేపుని వేరే క్యాసెట్టు డొప్పలోకి మార్చి, బ్రష్‌తో తుడుస్తూ చేత్తోనే చుట్టాలట. గ్యారంటీ ఇవ్వలేనన్నారు. ఆ నిజాయితీ నచ్చింది. వదిలేసి వచ్చాను.

జూలై 18

ఫోన్ రాలేదు. పూజలో కూర్చుని కూడా ఫోన్ వైపే చూశాను. తల్లి క్షమించాలి.

జూలై 22, మంగళవారం

వచ్చింది. పాట మొత్తం వచ్చింది.

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాం. అత్తయ్య గొంతు గదంతా నిండింది, కడిగిన ముత్యంలా ఉంది. రెండో వరుసలో అత్తయ్య పెదవులు కదిలాయి. మూడో వరుసకి పాడుతున్నారు. మాటలన్నీ స్పష్టంగా. మావారు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను దేవుడి గది గడపకి తల ఆనించాను. రెహమాన్ గారి చేతులు చల్లగా ఉండాలి.

పాట అయ్యాక మంచినీళ్లు కావాలా అని అడిగాను. నోరు తెరిచారు. మూసేసుకున్నారు.

జూలై 25, మొదటి శుక్రవారం

రోజూ పాడుతున్నారు. పాట అయిపోగానే మళ్లీ మామూలే. ఈరోజు ఏదో కావాల్సి వచ్చింది. చెప్పలేక మంచం మీద చేత్తో కొట్టారు. ఇంకోసారి, ఇంకోసారి. ఏం కావాలో చివరికీ నాకు తెలియలేదు. పాట తెప్పించి ఆశ పెట్టి ఇంకా బాధ పెట్టానేమో.

ఒకటి మనసులో తొలుస్తోంది. రికార్డు చేసిన రోజు అత్తయ్య మూడో చరణం మధ్యలో ఆగారు. నాకు బాగా గుర్తు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కడా ఆగలేదు.

జూలై 26

రెహమాన్ గారికి ఫోన్ చేశాను. అంత కష్టపడిన మనిషిని తప్పు పట్టినట్టు ఉంటుందని గంట తటపటాయించాను. ఆయన ఏమీ అనుకోలేదు. కుక్కర్ విజిల్, ఫ్యాన్ చప్పుడు, మధ్యలో ఎవరివో ఇంటి మాటలు ఉంటే తీసేసి, అతుకు తెలియకుండా కలిపారట. పూజ పాట కదా, శుభ్రంగా ఉంటే సంతోషిస్తామనుకున్నారట. అసలు కాపీ భద్రంగా ఉందట. రేపు ఇటువైపు చిల్లకల్లులో పని ఉంది, తనే తెచ్చిస్తానన్నారు.

జూలై 27, ఆదివారం

రెహమాన్ గారే పెట్టారు. విజిల్ వినిపించింది, ఫ్యాన్ వినిపించింది. పాట, దాని వెంట అత్తయ్య. మూడో చరణం మధ్యలో టీవీలో అత్తయ్య ఆగారు. మంచం మీద అత్తయ్యా ఆగారు. ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

“పాలు పొంగుతున్నాయి చూడవే తాయారూ.”

నేను లేచి వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి వెలగడం లేదు. దాని మీద గిన్నె కూడా లేదు. అక్కడే గట్టు పట్టుకుని నిలబడ్డాను. ముందుగది నుంచి ఇరవై ఏళ్ల వయసులోని నా గొంతు వినిపించింది, ఆఁ, వస్తున్నా అత్తయ్యా అని.

నేను తిరిగి వచ్చేసరికి మావారు అత్తయ్య పాదాల దగ్గర కూర్చుని ఉన్నారు. రెహమాన్ గారు అటు తిరిగి, చుట్టిన వైరునే మళ్లీ చుడుతున్నారు.

ఆగస్టు 1, శుక్రవారం

టేపు లేకుండానే ఆ మాట వస్తోంది. ఆ ఒక్కటే. మంచినీళ్లకీ అదే, పక్కకి తిప్పడానికీ అదే. ఇంత చేస్తే ఇదేనా వచ్చింది అని మావారు దిగాలుపడ్డారు. నీహారిక మాత్రం సంతోషించింది. మొదట ముద్దగానే వస్తుందట, తర్వాత విడుతుందట. సరిదిద్దొద్దు, జవాబు చెప్పండి అంది.

నాకు ఇబ్బంది లేదు. దాహం అయితే మెల్లగా అంటారు. ఫ్యాన్ ఆగితే గద్దిస్తారు. కొట్లో గుమాస్తా రాంబాబు చూడటానికి వస్తే అతన్నీ అదే అన్నారు. అతను చేతులు కట్టుకుని, “చూస్తానండి మామ్మగారూ” అని నిజంగానే వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చాడు.

నాలుగు నెలల తర్వాత ఈ ఇంట్లో మళ్లీ నన్ను పని చెప్పి పిలుస్తున్నారు. ఇంతకంటే ఏం అడగను తల్లీ.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

పేరంటాళ్లందరూ అత్తయ్యతో కలిసి పాడారు. రెహమాన్ గారింటికి పూర్ణాలు పంపాను. వాళ్లావిడ షాహిదాబీ ఫోన్ చేసి, “పెన్‌డ్రైవ్‌కి మాత్రం బొట్టు పెట్టొద్దని మావారు మరీ మరీ చెప్పమన్నారు” అని ఒకటే నవ్వు.

ఆగస్టు 12, మంగళవారం, పొద్దున్నే

“తాయారూ” అన్నారు.

పాలు అనలేదు. ఇంకేమీ అనలేదు. వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. అత్తయ్యకి ఏమీ అక్కర్లేదు, ఊరికే పిలిచారు.